ఆమె ఫోన్ నంబరు ఎవరిచ్చారు?

వాడ నుంచి – 14

సాయంత్రం నాలుగింటికి ఆమె జిల్లా కేంద్రంలోని బాధితుల సహాయ కేంద్రంలో సంతకం పెట్టింది. ఏడున్నరకి ఫోనొచ్చింది. "ఏమ్మే, టౌనుకెళ్ళి మామీద ఇంకో కాగితం పెట్టొచ్చావంట." మాట్లాడింది కేసులో ఉన్న మనిషి కాదు, అతని బావమరిది. ఆ నంబరు ఆమె కొత్తగా తీసుకున్నది. కేసు పెట్టాక పాత నంబరుకి రాజీ ఫోన్లు ఆగక, సిమ్ము తీసి పారేసి ఇంకోటి వేయించుకుంది. కొత్త నంబరు నాలుగు చోట్లే ఉంది. వాళ్ళమ్మ దగ్గర, కూలి ముఠా మేస్త్రి దగ్గర, నా దగ్గర, ఆ కేంద్రం రిజిస్టరులో.

మేస్త్రిని అనుమానించొచ్చు కదా అంటారేమో. ఆమె కూడా ముందు అతన్నే అనుమానించింది. కానీ ఆ రోజు ఆమె టౌనుకి వెళ్ళిన సంగతే అతనికి తెలీదు.

ఊరు, జిల్లా, నెల రాయను. కొన్ని వివరాలు కావాలనే మార్చాను. రాసిందంతా ఆమెకి ఫోన్లో చదివి వినిపించి, "పెట్టక్కా" అన్నాకే పెడుతున్నాను. జరిగింది మీకు కొత్తేమీ కాదు. మిరపకోతల కూలి బాకీ అడిగినందుకు నలుగురిలో కులం పేరెత్తి తిట్టి, జుట్టు పట్టి ఈడ్చారు. అట్రాసిటీ కేసయింది. నేను రాయదలచుకున్నది ఆ తర్వాత సంగతి, సాయం చేస్తామన్న చోట ఆమె వివరాలు ఏమయ్యాయన్న సంగతి.

మర్నాడు నేను వెళ్ళి అడిగితే అక్కడి ఉద్యోగి చాలా మామూలుగా అన్నాడు, "ఊళ్ళో అందరికీ తెలిసిన కేసే కదా మేడమ్, ఇందులో దాచేదేముంది?"

ఈ మాట కొంచెం ఆగి ఆలోచించాల్సిన మాట. నిజమే, మన కులం ఊళ్ళో ఎవరికీ రహస్యం కాదు. ఇల్లు ఏ దిక్కున ఉందో చూస్తే చాలు. ఆధార్ కార్డు మీద ఫలానా కాలనీ అని ఉంటే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. కేసు పెట్టిందన్న సంగతీ ఊరికి తెలుసు. కానీ ఊరికి తెలియనివి కొన్నున్నాయి. ఆమె కొత్త నంబరు ఏంటి. భయమేసిన రాత్రి ఏ చెల్లెలి ఇంట్లో పడుకుంటోంది. పిల్లలు ఏ హాస్టల్లో ఉన్నారు. సాయం డబ్బు ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో పడుతుంది. అవతలి వీధిలో ఎవరు తన తరఫున సాక్ష్యం చెప్తామన్నారు. కౌన్సెలింగులో ఏడుస్తూ ఏం చెప్పింది, ఎక్కడ బలహీనపడింది. నిందితుడికి కావాల్సినవి సరిగ్గా ఇవే. సహాయ కేంద్రం ఫారంలో నింపించేవీ ఇవే. ఊరు ఇరవై ఏళ్ళు పక్కన బతికినా తెలుసుకోలేనిది, ఆ ఫారం ఇరవై నిమిషాల్లో ఒక చోట పోగేసి పెడుతుంది. సాయం చేయాలంటే ఇవన్నీ అడగక తప్పదు, అందులో తప్పు పట్టను. అడిగాక దాన్ని ఎక్కడ పెడుతున్నారన్నదే నా గొడవ.

ఎక్కడ పెడుతున్నారో చెప్తాను. తలుపు పక్కన బల్ల మీద ఒక పొడుగు రిజిస్టరు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన పని, సంతకం. ఎవరొచ్చినా అందులోనే రాయాలి. బాధితులే కాదు, వాళ్ళతో వచ్చినవాళ్ళు, కొరియర్ కుర్రాడు, ఆఫీసులో పనుండి వచ్చిన ఎవరైనా. మీరు మీ వరుసలో రాస్తుంటే పైనున్న పది వరుసలు మీ కళ్ళముందే ఉంటాయి. ఫోన్ తీసి ఒక ఫొటో కొడితే ఆ వారం వచ్చిన ఆడవాళ్ళందరి జాబితా జేబులో ఉన్నట్టే. నేను నిలబడి ఉండగానే ఒకాయన పేజీలు వెనక్కి తిప్పి చూస్తున్నాడు, కాలక్షేపానికి.

ఆమె వరుసలో "వచ్చిన పని" గడిలో "అత్యాచారం కేసు" అని ఉంది.

తెలుగు చెప్పుకు బతికేదాన్ని కాబట్టి ఇది నాకు మరీ గుచ్చుకుంది. చట్టం పేరుని ఆఫీసు తెలుగులోకి తెచ్చినప్పుడు "అత్యాచారాల నిరోధక చట్టం" అన్నారు. పుస్తకాల తెలుగులో అత్యాచారం అంటే దౌర్జన్యం, హద్దు మీరిన పని. కానీ పేపర్లూ టీవీలూ ఆ మాటని ఒక్క అర్థానికే కట్టేసి ఎన్నేళ్ళయింది? ఇవాళ పల్లెలో అత్యాచారం అంటే మానభంగం, ఇంకో అర్థం లేదు. మన వాళ్ళు తెలివిగా "అట్రాసిటీ కేసు" అంటారు, ఇంగ్లీషు మాటే వాళ్ళని కాపాడుతోంది. ఆ గడి చదివిన మనిషి ఊరికెళ్ళి ఏం చెప్పాడో ఆమెకి రెండు రోజుల తర్వాత అత్తగారి నోటి వెంట తెలిసింది. కూలి డబ్బులు అడిగి దెబ్బలు తిన్న మనిషి, జరగని దాని గురించి ఇంట్లో వాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇందులో ఒక ఎకసెక్కం ఉంది. నిజంగానే లైంగిక నేరమై ఉంటే ఆమె పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పాత శిక్షాస్మృతిలో 228ఏ ఇదే. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, పేరే కాదు, ఆమె ఎవరో గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమూ ప్రచురించకూడదని. ఆ రక్షణ కులం పేరుతో తిట్టించుకున్న ఆమెకి లేదు, భూమిలోంచి గెంటించుకున్న ఆమెకి లేదు, బావి దగ్గర కొట్టించుకున్న ఆమెకి లేదు. పేరు అత్యాచారం, రక్షణ మాత్రం సున్నా.

అసలు అట్రాసిటీ చట్టంలోనే ఒక దారి ఉంది. 2015 సవరణలో బాధితుల, సాక్షుల హక్కులంటూ 15ఏ సెక్షన్ చేర్చారు. దాంట్లో 8వ ఉపసెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు సాక్షుల పేర్లు, చిరునామాలు తీర్పుల్లోనూ జనం చూడగల రికార్డుల్లోనూ కనపడకుండా చేయొచ్చు, ఎవరూ బయటపెట్టకూడదని ఆదేశించొచ్చు. బాధితులు అడగొచ్చు, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడగొచ్చు, కోర్టు తనంతట తానే చేయొచ్చు. మంచి నిబంధన. కానీ అది కోర్టు దాకా వెళ్ళిన కాగితానికి. కోర్టుకి ముందు ఎన్ని చేతులు మారుతుందో చూడండి. స్టేషన్లో ఎఫ్ఐఆర్. దర్యాప్తు చేసే డీఎస్పీ ఆఫీసు. కులధ్రువీకరణకి తహసీల్దారు ఆఫీసు. ఎస్పీ ఆఫీసు. సాంఘిక సంక్షేమ శాఖ. కలెక్టరేట్‌లో సెక్షను. బ్యాంకు. మధ్యలో ఆసుపత్రి. ఆడవాళ్ళయితే పక్కన సఖి కేంద్రం. 2015 నుంచి నిర్భయ నిధితో నడుస్తున్న ఈ వన్ స్టాప్ సెంటర్ల మార్గదర్శకాల్లో, ఫిర్యాదు నమోదు కాగానే అవసరాన్ని బట్టి స్టేషన్ అధికారి నుంచి కలెక్టరు దాకా జిల్లాలోని అధికారులకి మెసేజ్ వెళ్ళాలని రాశారు. ఎవరికి వెళ్ళిందో ఆమెకి చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది కుల విచారణ. ఎప్పుడో ఇచ్చిన కులధ్రువీకరణ పత్రం ఆమె చేతిలో ఉంది. అయినా కేసు ఫైలు కోసం మళ్ళీ విచారణ. రెవెన్యూ మనిషి ఊళ్ళోకి వచ్చి కూర్చునేది ఎక్కడ? వాడలో కాదు. రచ్చబండ దగ్గర, లేదా పెద్దమనిషి అరుగు మీద. "ఫలానా ఆమె మీ ఊరేనా, ఏ కులం, ఎస్సీయేనా, మతం ఏమైనా మారిందా?" అని ఎవరిని అడుగుతాడు? కేసు ఎవరి మీద ఉందో వాళ్ళ చుట్టాలనే. బాధితురాలి కులానికి సాక్షి నిందితుడి బంధువు. ప్రతివాదానికి పనికొచ్చే "చర్చికి పోతారండీ" అన్న మాట పుట్టేది అక్కడే.

ఇక కలెక్టరేట్ ఎదురుగా జిరాక్స్ షాపు. దీని గురించి ఒక పరిశోధనా గ్రంథం రాయొచ్చు. గోడ మీద పెద్దక్షరాలతో నంబరు, "మీ డాక్యుమెంట్లు ఈ నంబరుకి వాట్సాప్ చేయండి". ఎఫ్ఐఆర్, కులపత్రం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, గాయాల సర్టిఫికెట్, అన్నీ ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద వరుసగా ఉంటాయి, నిన్నటివి, మొన్నటివి. చెరపడం ఎవరి పనీ కాదు. ఆఫీసులో అడిగినా అదే, "ఫొటో తీసి నా నంబరుకి పెట్టమ్మా". ఆ నా నంబరు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి సొంత ఫోను. అతన్ని ఏమనగలం? జీతం నెలల తరబడి రాదు, ఆఫీసు ఫోను ఇవ్వదు, స్కానరు పనిచేయదు, పై అధికారి మాత్రం సాయంత్రానికి జాబితా కావాలంటాడు. అతను రేపు ఉద్యోగం మానేస్తాడు. ఆ ఫొటోలు అతనితో పాటే వెళ్తాయి.

మరి ఇన్ని చేతులు మారిన ఫైలు ఏం తెచ్చింది? 2016లో సవరించిన నియమాల ప్రకారం నలుగురిలో కులం పేరుతో అవమానించిన నేరానికి సాయం లక్ష రూపాయలు. ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకి వెళ్ళాక 50, శిక్ష పడ్డాక మిగతా 25. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందాలి. ఆమెకి మొదటి పాతికవేలు ఐదో నెలలో పడ్డాయి. ఆమె నంబరు అవతలి వాళ్ళకి చేరడానికి మూడున్నర గంటలు పట్టింది. డబ్బు పడిన సంగతి కూడా ఆమెకంటే ముందు ఊళ్ళో ఒకరికి తెలిసింది. "పాతిక వచ్చిందిగా, ఇంక చాల్లే, సంతకం పెట్టు" అని.

పేరు తీసేస్తే సరిపోతుంది అనుకునే అధికారులు కొందరున్నారు. మంచివాళ్ళే. 2019 నవంబరు గుర్తుందా? ఒకే వారంలో రెండు ఘోరాలు. హైదరాబాద్ శివార్లలో చనిపోయిన అమ్మాయికి దిశ అని పేరు పెట్టేలోపే ఆమె అసలు పేరు దేశమంతా హ్యాష్‌ట్యాగ్ అయిపోయింది. ఆసిఫాబాద్ జిల్లాలో మన దళిత చెల్లికి సమత అని పేరు పెట్టారు. పేరు మార్చారు సరే, ఆమె కులం, ఊరు, చేసే పని, భర్త వివరాలు అన్నీ పేపర్లో వచ్చాయి. నేనిక్కడ మళ్ళీ రాయను. ఊళ్ళో ఆ ఉపకులానికి ఆరిళ్ళు ఉంటే, పేరు కొట్టేసి కులం, ఊరు ఉంచడం ఏం దాపరికం? పెద్ద కులాల వాళ్ళకి పేరు దాస్తే మనిషి దాగుతుంది. మనకి కులం, ఊరు కలిస్తేనే ఇంటి నంబరు.

2019లో పార్లమెంటు ముందుకొచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు కులం, తెగ వివరాలని సున్నితమైన సమాచారం అని వేరుగా గుర్తించింది. 2023లో చట్టమయ్యేసరికి సున్నితమైన సమాచారం అన్న వర్గమే ఎగిరిపోయింది. ఇప్పుడు చట్టం దృష్టిలో నా కులమూ నా ఈమెయిలూ ఒకటే. పైగా అది డిజిటల్ సమాచారానికి, తర్వాత డిజిటల్ చేసినదానికి మాత్రమే. తలుపు పక్కన పొడుగు రిజిస్టరు దాని కిందికే రాదు. ప్రభుత్వం సాయం, సర్టిఫికెట్ లాంటివి ఇవ్వడానికి వాడుకుంటే చాలా సందర్భాల్లో సమ్మతి కూడా అక్కర్లేదు. సమ్మతి తీసుకునే చోట నోటీసు తెలుగులో అడిగే హక్కుంది, అది మంచిదే. ఆమె చేత సంతకం పెట్టించిన కాగితమూ తెలుగులోనే ఉంది లెండి. "నా వివరాలను సంబంధిత శాఖలతో, సంబంధిత వ్యక్తులతో పంచుకొనుటకు అభ్యంతరము లేదు." సంబంధిత! బావమరిది కూడా సంబంధిత వ్యక్తే.

ఇంకో వైపు చూడండి. అదే 2023 చట్టం 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. 2025 నవంబరులో నియమాలతో పాటు ఆ మార్పూ అమల్లోకొచ్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారం అయినా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని 8(1)(జె)లోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఇవ్వక్కర్లేదు. 8(2) కింద ప్రజాప్రయోజనం వాదించుకోవచ్చు, నిజమే, కానీ మండలాఫీసులో కూర్చున్న సమాచార అధికారి అంత దూరం చదవడు. ఏ డీఎస్పీ దగ్గర ఎన్ని కేసుల దర్యాప్తు అరవై రోజులు దాటింది, ఎవరి బల్ల మీద సాయం ఫైళ్ళు ఎన్ని నెలలు ఆగాయి, ఇవి అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని జవాబు రాసేయడం సులువైపోయింది. బాధితురాలి నంబరు బల్ల మీద, అధికారి ఆలస్యం బీరువాలో. గోప్యత ఎవరికి దక్కిందో చూశారా?

మన ఉద్యమంలో కొందరు మిత్రులు దీనికి ఒప్పుకోరు, తెలుసు. "పేర్లు దాచుకుంటే పోరాటం ఎలా? కారంచేడు అమరుల పేర్లు రాసుకున్నాం, చుండూరు అమరుల పేర్లు రాసుకున్నాం, పేరు చెప్పుకునే కదా నిలబడ్డాం" అంటారు. అవును. 1991 నాటి చుండూరు హత్యల కేసుకి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. మన వాళ్ళు అక్కడికి ముఖం చూపించి వెళ్ళి సాక్ష్యం చెప్పారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసినా ఆ గొంతులు పోలేదు. కానీ ఆ పేర్లు చెప్పుకుంది మనం. ఏ గుమాస్తా రిజిస్టరులోంచో జారిపడినవి కావు. తను నిలబడి పేరు చెప్పడం వేరు, తనకి తెలియకుండా తన పేరు అవతలి వాడి ఫోన్లో ఉండటం వేరు. మొదటిది ధైర్యం. రెండోదాన్ని మన ధైర్యం ఖాతాలో వేయొద్దు.

అందుకే మన వాళ్ళలోనే కొందరు ఎఫ్ఐఆర్ మొత్తం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం నాకు నచ్చదు. గాయాల ఫొటో కింద బాధితురాలి నంబరు పెట్టి "అందరూ ఫోన్ చేసి ధైర్యం చెప్పండి" అంటారు. ధైర్యం చెప్పే ఫోన్లు పది, బెదిరించే ఫోన్లు ఇరవై వస్తాయి. ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో ఎలాగూ ఉంటాయి కదా అనొచ్చు. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో అప్‌లోడ్ చేయమంటూనే, లైంగిక నేరాలు, పోక్సో లాంటి సున్నితమైనవి మినహాయించింది. "అలాంటి ఇతర నేరాలు" అన్న మాటకీ చోటిచ్చింది. నిర్ణయం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారిది. అట్రాసిటీ కేసుల దర్యాప్తు అధికారీ డీఎస్పీ స్థాయి మనిషే. అట్రాసిటీ ఎఫ్ఐఆర్ సున్నితమని రాయమని అతన్ని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంకొక మాట. కౌన్సెలింగులో ఆమెకి మేలు చేస్తున్నాననుకుని ఒకావిడ చెప్పింది, "బయటపడితే పరువు పోతుందమ్మా, మాట్లాడుకుని సర్దుకోండి". గోప్యత అన్నది మన వాడల్లో ఎవరూ వాడని మాట, మన మాట గుట్టు. గుట్టు నాది, ఎవరికి విప్పాలో నా ఇష్టం. పరువు అలా కాదు, అది మొగుడిది, అత్తగారిది, కులానిది, ఊరిది, నా దగ్గర దాచమని ఇచ్చింది. ఆ కేంద్రంలో గుట్టు కాపాడలేదు గానీ పరువు గురించి పాఠం మాత్రం చెప్పారు.

అడగాల్సినవి పెద్ద విషయాలేం కావు. ఆ పొడుగు రిజిస్టరు తీసేసి ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇవ్వండి, టోకెన్ నంబరు రాయండి. ఉద్యోగికి ఆఫీసు ఫోను ఇవ్వండి. ఆమె ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో రాసిపెట్టి, ఆమె అడిగితే చూపించండి. కులపత్రం చేతిలో ఉంటే దాన్ని ఆఫీసు రికార్డుతో సరిచూడండి, రచ్చబండ దగ్గర విచారించొద్దు. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలో ఎమ్మెల్యేలూ ఎంపీలూ కూర్చుంటారు, వాళ్ళ చుట్టూ ఎవరు తిరుగుతారో మనకి తెలుసు. ఆ మీటింగు కాగితాల్లో బాధితుల పేరూ ఫోనూ ఎందుకు? కేసు నంబరు చాలు. దానికి బదులు ఏ ఫైలు ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో గోడ మీద రాయండి, అందరూ చదువుకుంటాం. ఆ కమిటీల్లో అనధికార సభ్యులుగా ఉన్న మన వాళ్ళు వచ్చే మీటింగులో ఈ ఒక్కటైనా అడగండి.

ఆమె ఇప్పుడు మూడో సిమ్ము వాడుతోంది. కేసు నడుస్తోంది, రాజీ పడలేదు.

15ఏ(8) కింద ప్రత్యేక కోర్టుకి పెట్టుకునే అర్జీ ఒక పేజీలో, మామూలు తెలుగులో రాశాను. మన లాయరు మిత్రులిద్దరు చూసి సరిచేశారు. కావాల్సిన వాళ్ళు మెసేజ్ పెట్టండి, పంపుతాను. పేరు, ఊరు, కేసు నంబరు నాకు రాయొద్దు. ఆ చోట్లు ఖాళీగా ఉంచాను, మీరే నింపుకోండి. నింపాక ఎదురుగా ఉన్న షాపులో ప్రింటు తీయిస్తే, ఫైలు చెరిపించి కదలండి.

జై భీమ్.